28 పీకోన్యూటన్ల ఊరు

స్టాక్‌హోమ్ నుంచి ఉత్తరానికి పోయే రైల్లో మొదటి రెండు మూడు గంటల గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉప్సలా వస్తుంది, యేవ్లే వస్తుంది. పైన్ చెట్లు, ఎర్ర రంగు పూసిన చెక్క ఇళ్లు, మళ్లీ పైన్ చెట్లు. సుండ్స్‌వాల్ దగ్గర పడేసరికి దారికి ప్రాణం వస్తుంది. ఆ ఊరు 1888 జూన్ 25న తగలబడింది. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ రోజే ఇంకా ఉత్తరాన ఉన్న ఊమియో కూడా తగలబడింది. సుండ్స్‌వాల్ వాళ్లు బుద్ధి తెచ్చుకుని ఊరి నడిబొడ్డును రాతితో, ఇటుకతో కట్టుకున్నారు. ఊమియో వాళ్లు వీధులను వెడల్పు చేసి, నిప్పు ఇటు నుంచి అటు దూకకుండా వాటి పొడుగునా బర్చ్ చెట్లు నాటారు. ఇప్పుడు దాన్ని బర్చ్ చెట్ల ఊరనే పిలుస్తారు.

నేను పోతున్నది ఆ ఊమియోకే, కానీ చెట్ల కోసం కాదు. మార్చిలో ఆ చెట్లకు ఒక్క ఆకు కూడా ఉండదు. బ్యాక్టీరియా ఒంటి మీద వెంట్రుకల్లా మొలిచే పోగులను ఒక్కొక్కటిగా పట్టుకుని లాగి, ఎంత బలానికి ఎలా సాగుతాయో కొలిచే గది ఒకటి అక్కడి విశ్వవిద్యాలయంలో ఉంది. దాన్ని చూడాలని. పాఠ్యపుస్తకాల్లో వీటిని పిలై అనీ ఫింబ్రియే అనీ అంటారు. ఈదడానికి వాడే కశాభాలు వేరు, ఇవి వేరు. ఇవి అంటుకోవడానికి.

ఇంత దూరం దేనికని ఇంట్లో అడిగారు. నా ప్రశ్న చాలా చిన్నది. మూత్రంలో మంటగా ఉందని ఆసుపత్రికి వెళ్తే డాక్టర్లు మొదట చెప్పే మాట, "నీళ్లు బాగా తాగండి, కడుక్కుపోతుంది" అని. కొందరికి కడుక్కుపోతుంది. చాలామంది ఆడవాళ్లకు పోదు, పోయినా తిరిగొస్తుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు వెడల్పున్న ఒక కణం, రోజుకు ఆరేడు సార్లు ఉరకలేసే ప్రవాహంలో, జారుడు గోడకు పట్టుకుని ఎలా నిలబడుతుంది? "బంకలా అంటుకుంటుంది" అని రాసి వదిలేసిన వ్యాసాలు నేనూ చాలా చదివాను. ఆ జవాబులో ఏదో తక్కువైందని ఎప్పుడూ అనిపించేది.

హెర్నోసాండ్ దాటాక ఎత్తు తీరం మొదలవుతుంది. మంచుయుగంలో ఇక్కడి నేల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. అది కరిగిపోయాక, ఆ బరువుకు కుంగిన భూమి ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తూనే ఉంది. ఏడాదికి దాదాపు 8 మిల్లీమీటర్లు. 2000లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఇందుకే. పక్క సీటు పెద్దావిడ ఊమియో ఆసుపత్రిలో నర్సుగా పని చేసి రిటైరైందట. వాళ్ల తాతగారు పడవ కట్టేసుకునే కొట్టం ఇప్పుడు గడ్డి మైదానం మధ్యలో ఉందని నవ్వుతూ చెప్పింది. నేను వెళ్తున్న పని చెబితే మాత్రం నవ్వలేదు. "ఆ జబ్బుతో వచ్చిన వాళ్లను ముప్పై ఏళ్లు చూశాను. కడుక్కుపోతుందని నేనూ చెప్పాను" అంది.

2010లో ప్రారంభమైన బోత్నియా లైను ఇక్కడి నుంచి ఊమియో దాకా సొరంగాలు, వంతెనల మీదుగా వెళ్తుంది. చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ కుడి పక్కన గడ్డకట్టిన సముద్రం ఒక ముక్క మెరిసి, మళ్లీ చీకటి. ఓర్న్‌షోల్డ్స్‌విక్ తర్వాత అడవి, నూర్డ్‌మాలింగ్, అంతలో ఊమియో. అక్కడ రెండు స్టేషన్లు. విశ్వవిద్యాలయానికి, పెద్దాసుపత్రికి పోవాలంటే తూర్పు స్టేషన్‌లో దిగాలి. నేను ఊరు చూద్దామని సెంట్రల్‌లో దిగాను. స్టేషన్ పక్క నుంచి పట్టాల కింద నడిచి పోయే సొరంగ మార్గం ఉంది. ఈ ప్రాంతపు రచయిత్రి సారా లిడ్మన్‌కు నివాళిగా గాజుతో, ధ్వనులతో అలంకరించారు దాన్ని. రైల్వే సొరంగాన్ని ఒక రచయిత్రికి అంకితం చేసే ఊరి మీద అప్పుడే గౌరవం కలిగింది.

విశ్వవిద్యాలయం 1965లో పెట్టింది. అంటే మన ఉస్మానియా, ఆంధ్రా వర్సిటీల ముందు పసిపిల్ల. కానీ ఈ పసిపిల్ల సామాన్యురాలు కాదు. క్రిస్పర్ పరిశోధనకు 2020లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న ఎమాన్యుయెల్ షార్పాంతియే ఆ పనిలో కీలకమైన భాగం చేసింది ఇక్కడే. దానికి చాలా ముందే, 1980లలో, స్టాఫాన్ నోర్మార్క్, బెర్న్ట్ ఎరిక్ ఉలీన్ వంటి సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు మూత్రపిండాలకు పాకే ఇ.కోలై మీది 'పి' పోగుల జన్యువులను ఇక్కడ విప్పి చూశారు. ఆ పోగుల కొన మీద పాప్‌జి అనే ప్రొటీను ఉంటుంది. మూత్రపిండ కణాల మీది ఒక చక్కెర అమరికను అది గుర్తుపట్టి పట్టుకుంటుంది. కొనన ఏముందో తెలిసింది, ఏ చక్కెరను పడుతుందో తెలిసింది. మరి మిగతా పోగంతా దేనికి? కొన చేతికి అందించే ఉత్త కర్రేనా? ఆ ప్రశ్నను చేతిలోకి తీసుకున్నది, నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న భౌతికశాస్త్ర విభాగం. ఓవె ఆక్స్‌నర్ బృందం, తర్వాత మాగ్నస్ ఆండర్సన్ బృందం. ఒకే ఆవరణలో ఆసుపత్రి, సూక్ష్మజీవుల ల్యాబ్, లేజర్ల ల్యాబ్ ఉండడం వల్ల ఏం జరుగుతుందో చెప్పమంటే నేను ఈ కథే చెబుతాను.

నన్ను లోపలికి తీసుకెళ్లిన పరిశోధక విద్యార్థిని హైదరాబాదు అమ్మాయి, ధూల్‌పేట పక్కన పెరిగిందట. చేతి తొడుగులు, టోపీ, మఫ్లరు ఒక్కొక్కటే విప్పుకుంటూ నేను ఆలస్యం చేస్తుంటే ఓపిగ్గా నిలబడింది. తలుపు తెరిచే ముందు, "లోపల మాట్లాడొద్దు సార్. గట్టిగ నడువొద్దు. మీ అడుగు గూడ గ్రాఫ్‌ల కనబడ్తది" అంది.

లోపల గాలి దిండ్ల మీద తేలే బరువైన ఉక్కు బల్ల. దాని మీద మైక్రోస్కోపు, అద్దాలు, కటకాలు, వాటి మధ్య కంటికి కనిపించని పరారుణ లేజర్ కిరణం. దీన్నే కాంతి పట్టకారు అంటారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్ 1986లో దీన్ని ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చాడు. కాంతికి తోసే శక్తి ఉందని అంతకుముందే తెలుసు. గట్టిగా కుదించిన కిరణం తోయడమే కాదు, చిన్న పారదర్శక వస్తువును తన నాభి వైపు లాక్కుని పట్టి ఉంచగలదని చూపించాడతను. మరుసటి ఏడాది వైరస్‌లను పట్టే ప్రయత్నంలో ఉండగా అతని నీళ్లలోకి పిలవని బ్యాక్టీరియా వచ్చి పట్టులో చిక్కింది. ఆకుపచ్చ లేజరు కింద అవి చచ్చిపోయేవి. పరారుణానికి మార్చాడు, బతికాయి, పట్టులో ఉండగానే పిల్లల్ని కూడా పెట్టాయి. నోబెల్ వచ్చేసరికి ఆయన వయసు 96. స్టాక్‌హోమ్‌లో నోబెల్ మ్యూజియం చూసి వచ్చాను గానీ, ఆ బహుమతికి అర్థం ఈ గదిలోనే బాగా తెలిసింది.

ఆ అమ్మాయి పని మొదలుపెట్టింది. ఒక గాజు పలక మీద దాదాపు పది మైక్రాన్ల పెద్ద ప్లాస్టిక్ పూస అతికి ఉంది. ముందు లేజరు పట్టులో ఒక బ్యాక్టీరియాను ఏరుకుని తెచ్చి ఆ పూసకు ఆనించింది. పూసకు పూసిన జిగురు పదార్థానికి అది కరుచుకుపోయింది. ఇప్పుడు బ్యాక్టీరియా కదలదు. తర్వాత మూడు మైక్రాన్ల చిన్న పూసను పట్టుకుంది. దాన్ని వెంటనే వాడలేదు. కాసేపు ఊరికే పట్టులో ఉంచి చూసింది. నీటి అణువులు నాలుగు వైపుల నుంచీ గుద్దుతుంటే ఆ పూస వణుకుతూ ఉంటుంది. ఎంత వణుకుతోందో లెక్కగడితే పట్టు ఎంత గట్టిదో తెలుస్తుంది. ముందు తక్కెడను సరిచూసుకోవాలి, తూకం తర్వాత. ఇంత సున్నితమైన యంత్రాన్ని సరిచేసేది నీళ్లలోని ఆ వణుకే.

చిన్న పూసను బ్యాక్టీరియా దగ్గరికి తీసుకెళ్లింది. ఏదో ఒక పోగు కొన దానికి తగులుకుంది. పోగు తెర మీద కనిపించదు. దాని మందం ఏడు నానోమీటర్లు, మామూలు మైక్రోస్కోపుకు అందదు. తగులుకుందని తెలిసేది పూస పట్టు నడిమి నుంచి కాస్త పక్కకు జరగడం వల్లే. మరో బలహీనమైన లేజరు ఆ జరుగుడును గమనిస్తుంది. మేం పక్క గదిలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాం. గాజు పలకను పట్టిన వేదిక మెల్లగా వెనక్కి జరగడం మొదలైంది.

తెర మీద గీత మొదట ఏటవాలుగా పైకి లేచింది. రబ్బరు లాగినట్టే, ఎంత లాగితే అంత బలం. ఇది నేను ఊహించిందే. ఆ తర్వాత గీత ఒక్కసారిగా అడ్డంగా తిరిగింది. అడ్డంగానే పోతూ ఉంది. వేదిక వెనక్కి జరుగుతూనే ఉంది, పోగు సాగుతూనే ఉంది, బలం మాత్రం 28 పీకోన్యూటన్ల దగ్గర ఆగిపోయింది. ఎంత దూరం పోయినా 28.

"ఢీల్ ఇస్తుంది సార్" అంది ఆ అమ్మాయి.

గాలిపటం ఎగరేసిన వాళ్లెవరికైనా ఆ ఒక్క మాట చాలు. గాలి గుంజినప్పుడు చరఖాను బిగబట్టుకుని కూర్చుంటే మాంజా తెగుతుంది. దారం వదలాలి, కానీ వదిలే చేతిలో ఒక బిగువు ఎప్పుడూ ఉండాలి. ఈ పోగు చేస్తున్నది అచ్చంగా అదే. పాప్‌ఏ అనే ఒకే ప్రొటీను దాదాపు వెయ్యి ప్రతులుగా ఒకదాని వెనుక ఒకటి కొలికి పెట్టుకుని, ఆ గొలుసంతా బిగువైన సుడిలా చుట్టుకుని ఉంటుంది. ఒక్కో చుట్టుకు మూడుకు కొద్దిగా ఎక్కువ, అంటే 3.28 ప్రొటీన్లు. గొలుసులో ముందూ వెనుకా ఉన్న ప్రొటీన్ల మధ్య లంకె చాలా గట్టిది. పై చుట్టుకూ కింది చుట్టుకూ మధ్య లంకెలు బలహీనమైనవి. లాగినప్పుడు తెగేవి ఈ బలహీనమైన లంకెలే, అవీ కొన నుంచి ఒక్కొక్కటిగా. ఒకటి విడిపోవడానికి కావాల్సిన బలమే తర్వాతిదానికీ సరిపోతుంది కనుక గీత అడ్డంగా పోతుంది. చుట్లన్నీ విడిపోయేసరికి పోగు తన మామూలు పొడవుకు ఐదు నుంచి ఏడు రెట్లు సాగుతుంది. అప్పుడు గీత మళ్లీ పైకి లేస్తుంది. ప్రొటీన్ల మధ్య గట్టి లంకెలే కాస్త వంగి, తమ ఆకారం మార్చుకుంటాయి. అవీ తెగవు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది తిరుగు ప్రయాణం. వేదికను ముందుకు జరిపితే పోగు మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టింది, అదే 28 పీకోన్యూటన్ల దగ్గర. మొదట్లో మాత్రం గీత ఒక్క క్షణం దిగువకు జారి లేచింది. ఎందుకని అడిగితే, మొదటి చుట్టు పడాలంటే దారంలో కాస్త వదులు ఉండాలి, ఆ ఒక్కటి పడితే మిగతావి దాని మీద వాటంతటవే కూర్చుంటాయి అంది. ఇదే బృందం 2005లో ప్రచురించిన పత్రం చెప్పింది ఈ సంగతే: ఈ సాగడం తిరిగి మామూలయ్యేది, లోహపు తీగ ఒకసారి సాగి అలాగే ఉండిపోయినట్టు కాదు. పోగును లాగి వదలడం, లాగి వదలడం ఎన్నిసార్లు చేసినా అదే గీత. వందసార్లు మూత్రం పారినా వందసార్లూ ఢీల్ ఇచ్చి, వందసార్లూ చుట్టుకోగలిగిన దారం ఉన్న కణాన్ని "కడుక్కుపోతుంది" అంటున్నామన్నమాట.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పుకోవాలి. ఒక న్యూటన్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పీకోన్యూటన్. 28 పీకోన్యూటన్లంటే ఒక గ్రాములో దాదాపు 35 కోట్లవ వంతు బరువు. అయినా ఆ బ్యాక్టీరియా బరువుతో పోలిస్తే రెండు మూడు వేల రెట్లు. పత్రికలకు ఇలాంటి పోలికలంటే ప్రాణం. మనిషి ఒక్క వెంట్రుకతో ఇన్ని లారీలు మోసినట్టు అని రాసేస్తారు. నాకు నచ్చదు. ఆ లోకంలో బరువుకు విలువే లేదు. అక్కడ లెక్కలోకి వచ్చేది ప్రవాహపు తోపుడు ఒక్కటే. ఒక మైక్రాన్ వెడల్పు గుండ్రటి కణాన్ని సెకనుకు మూడు మిల్లీమీటర్ల వేగంతో పారే నీరు తోసే బలం దాదాపు ఈ 28 పీకోన్యూటన్లే. గోడను ఆనుకుని ఉంటే ఈ లెక్క కొంత మారుతుంది. ఏమైనా మన ఒంట్లోని ప్రవాహాలతో పోల్చాల్సిన అంకె ఇదీ. పైగా బ్యాక్టీరియాకు ఉన్నది ఒక్క పోగు కాదు, వందలు. అన్నీ ఒకే పొడవు ఉండవు. అవి గట్టి కర్రలే అయితే మొదట బిగుసుకున్న ఒక్కదాని మీదే భారమంతా పడి దాని కొన ఊడిపోయేది, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత మరోటి. ముందు బిగుసుకున్నది 28 దగ్గర సాగి ఆగితే, వెనకవాటికి అందుకునే సమయం చిక్కుతుంది. భారం పంచుకుంటాయి. నాకు తక్కువగా తోచిన జవాబులో ఇన్నాళ్లూ లేనిది ఈ పంపకమే.

మధ్యాహ్నం కాఫీకి బయటికి వచ్చాం. స్వీడన్‌లో ఈ కాఫీ వేళను ఎగ్గొట్టడం మర్యాద కాదు. ఉత్తరాన వాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంది. జున్ను ముక్కలను వేడి కాఫీలో వేసుకుని, అవి మెత్తబడ్డాక స్పూనుతో తీసుకు తింటారు. నాకు పెట్టారు. నమిలితే కిచకిచమంటుంది. బాగానే ఉంది, కానీ మా ఇంట్లో ఎవరికీ చెప్పదలచుకోలేదు.

కాఫీ దగ్గర మాట మూత్రాశయానికి మళ్లింది. మూత్రపిండంలో ఉండే ఇ.కోలైకి 'పి' పోగులు ఎక్కువ ఉపయోగపడితే, మూత్రాశయంలో ఉండేవాటికి టైప్ 1 పోగులు. మెల్లగా లాగితే ఇవి కూడా దాదాపు 30 పీకోన్యూటన్ల దగ్గరే విప్పుకుంటాయి. తేడా వేగంలో ఉంది. 'పి' పోగును సెకనుకు దాదాపు 400 నానోమీటర్ల వేగం దాకా లాగినా అది చలించదు, అదే బలం. టైప్ 1 పోగు సెకనుకు ఆరు నానోమీటర్లు దాటితే చాలు, బిగుసుకోవడం మొదలవుతుంది. ఎంత వేగంగా లాగితే అంత మొండికేస్తుంది. మూత్రపిండం నుంచి కిందికి మూత్రం చిన్న చిన్న అలలుగా రోజంతా దిగుతూనే ఉంటుంది. మూత్రాశయం మాత్రం గంటల తరబడి నిశ్శబ్దంగా నిండి, కొన్ని సెకన్లలో ఉరికి ఖాళీ అవుతుంది. ఒకచోట ఎడతెగని మెల్లటి గుంజుడు, ఇంకోచోట ఉన్నట్టుండి ఒక్క ఉరవడి. రెండు పోగుల తీరు ఆ రెండు చోట్లకు సరిపోయినట్టే కనిపిస్తుంది.

టైప్ 1 పోగు కొన ఇంకా చిత్రం. సియాటిల్‌లో ఎవ్‌గెనీ సొకురెంకో, వెండీ థామస్, వయోలా ఫోగెల్ 2002లో ప్రచురించిన పని అది. బ్యాక్టీరియాను, ఎర్ర రక్తకణాలను కలిపిన ద్రావణాన్ని ఊపుతుంటే కణాలు ముద్దలు కట్టేవి. ఊపడం ఆపితే విడిపోయేవి. మామూలు బుద్ధికి ఇది తలకిందుల వ్యవహారం. కొనన ఉండే ఫిమ్‌హెచ్ ప్రొటీనును లాగినప్పుడు అది తన పట్టు బిగిస్తుంది, వదిలినప్పుడు సడలిస్తుంది. దాన్ని ఎంత బలంతో లాగితే పట్టు ఎక్కువసేపు నిలుస్తుందో, దాదాపు ఆ బలం దగ్గరే వెనుక ఉన్న సుడి విప్పుకుంటుందని ఆ బృందమే 2006లో చూపించింది. అంటే సుడి సాగుతూ, కొనకు అనుకూలమైన లాగుడును తానే నిలబెడుతోంది.

ఇక్కడ నాకు ఒక అనుమానం ఉండేది, అది దాచుకోలేదు. దేన్ని కొలిచినా "ఆహా, ఆ చోటుకు తగ్గట్టే ఉంది" అనడం చాలా సులువు. ఉన్నదాన్ని చూసి కథ అల్లడం అది. పోగు మెత్తగా ఉంటే నిజంగా జబ్బు తగ్గుతుందా? "గదే అడుగుతరని అనుకున్న" అంది ఆ అమ్మాయి. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని స్కాట్ హల్ట్‌గ్రెన్ బృందం, ఊమియో వాళ్లను కూడా కలుపుకుని, 2018లో ఈ ప్రశ్ననే పరీక్షకు పెట్టింది. పోగు ప్రొటీనులో చిన్న మార్పులు చేసి, చుట్లు సులువుగా విప్పుకునే పోగులున్న ఇ.కోలైని తయారు చేశారు. కొన మామూలుగానే ఉంది, చక్కెరను మామూలుగానే పట్టింది. లాగితే మాత్రం తక్కువ బలానికే విప్పుకుంది. ఎలుకల మూత్రాశయంలోనూ పేగులోనూ అవి సరిగా నిలదొక్కుకోలేకపోయాయి. కొన బాగుంటే చాలదు, వెనుక దారపు బిగువు కూడా కావాలి. ఆ పత్రం పేరు నోట్ చేసుకున్నప్పుడు, రైల్లో పెద్దావిడ అడ్రసు తీసుకుని ఉంటే బాగుండేదనిపించింది.

అన్ని పోగులూ ఇలా వదిలేవే అనుకోకూడదు. గనేరియా బ్యాక్టీరియా తన పోగులను విసిరి, అంటించి, తనవైపు చుట్టి లాక్కుంటుంది. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మైకేల్ షీట్జ్ బృందం కాంతి పట్టకారుతో కొలిస్తే ఒక్క పోగు వంద పీకోన్యూటన్లకు మించి లాగింది. మంచినీళ్లలో బతికే కాలోబాక్టర్‌ది ఇంకో ధోరణి. అది సన్నటి కాడ చివర నిజమైన జిగురు పూసుకుని రాయికి అంటుకుంటుంది. దాన్ని ఊడదీయడానికి కాంతి చాలదు. 2006లో సన్నటి గాజు గొట్టాలతో పెకలించి చూశారు. సగటున 0.59 మైక్రోన్యూటన్లు పట్టింది. అంటే మన పోగుకు దాదాపు ఇరవై వేల రెట్లు. బంక అనే మాట సరిగ్గా సరిపోయే చోటు అదొక్కటే.

సాయంత్రం ఇంకో నమూనా చూపించింది. ఇది పేగుది. పిల్లలకు, కొత్త ఊళ్లకు వెళ్లిన ప్రయాణికులకు నీళ్ల విరేచనాలు తెచ్చే ఇ.కోలై. పరాయి దేశంలో నీళ్ల సీసా మూత పదిసార్లు చూసుకునే నాలాంటి వాడికి ఇదే అసలు శత్రువు. దీన్ని మొదట గుర్తించిన ఘనతలో మన వాటా కూడా ఉంది. కలకత్తాలో శంభునాథ్ దే బృందం 1956లోనే, విరేచనాల రోగుల నుంచి తీసిన ఇ.కోలై కుందేలు పేగులో కలరా మాదిరిగా నీరు ఊరేలా చేస్తుందని చూపించింది. ఈ బ్యాక్టీరియా పేగును పట్టుకునే సిఎఫ్ఏ/ఐ పోగు కూడా సుడే, కానీ చాలా మెత్తటి సుడి. తెర మీద గీత 28 దాకా పోలేదు. ఏడున్నర దగ్గరే అడ్డం తిరిగింది. పేగులో పారేది ఉరవడి కాదు, మెల్లగా కదిలే చిక్కటి పదార్థం. అక్కడ ఏడున్నర చాలు కాబోలు. ఈసారి "కాబోలు" అని నేనే అన్నాను, ఆ అమ్మాయి అనలేదు.

ఈ మెత్తటి పోగు మీదే వాళ్లు చేసిన మరో పని 2017లో వచ్చింది. టీకాలు ఎలా పనిచేస్తాయో పాఠాల్లో చదివిన పద్ధతి ఒకటే: ప్రతిరక్షకాలు పోగు కొనను కప్పేస్తాయి, ఇక అది అంటుకోలేదు. వీళ్లు పోగు ఒంటికి అంటే ప్రతిరక్షకాలను కలిపి లాగి చూశారు. చుట్లు సాఫీగా విప్పుకోలేదు. పోగులు బిరుసెక్కి, ఒకదానితో ఒకటి చిక్కుపడిపోయాయి. కొనను ముట్టుకోకుండానే ఢీల్ ఇచ్చే గుణాన్ని పోగొట్టవచ్చన్నమాట. దీని నుంచి రేపే మందు వస్తుందని రాసే అలవాటు నాకు లేదు. సీసాలోని ఉప్పునీళ్లలో ఒక్క పోగును లాగడం వేరు, పేగు గోడ మీద వందల పోగులు, జిగట పొర, పక్కన కోట్ల ఇతర బ్యాక్టీరియా ఉన్న చోట జరిగేది వేరు. ఆ మాటే అంటే ఆ అమ్మాయి తలూపింది. "అందుకే సార్, రేపటి నమూనాల జిగట గూడ కలుపుతున్నం. నీళ్లల్ల కాకుండ గందుల గుంజితే ఎట్లుంటదో చూద్దామని." తర్వాతి విడత లేజరు సమయం ఇంకో విద్యార్థిది, బాసిలస్ విత్తుల మీద మొలిచే పోగులు కొలవాలట. అతను అప్పటికే తలుపు దగ్గర నిలబడి మా ఖాళీ కాఫీ కప్పుల వైపు చూస్తున్నాడు. మేం బల్ల ఖాళీ చేశాం.